ఉప్పునీళ్ల బోరు, పఫర్ చేప

పల్నాడులో బోరు నీళ్లను ఉప్పునీళ్లంటాం, కాలువ నీళ్లను మంచినీళ్లంటాం. ఇంటి వాడకానికి ఈ తేడా తెలిస్తే చాలు. కానీ గురజాలలో పఫర్ చేపను పెంచాలనుకునేవారిని ఈ మాటే పక్కదారి పట్టిస్తుంది. ‘ఇది ఉప్పునీటి చేప’ అని ఎవరైనా చెప్పగానే, మన బోరు నీళ్లు ఉప్పువే కదా అని ట్యాంకు నింపేస్తారు. గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతమంతా సున్నపురాయి నేల. వాననీరు ఆ రాళ్ల సందుల్లో దిగుతూ కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని కరిగించుకుంటుంది. సబ్బు నురగ రాకపోవడం, కుళాయి మూతికి తెల్లటి పెంకు కట్టడం అందువల్లే. అది నీటి కఠినత్వమే గాని సముద్రపు ఉప్పదనం కాదు. తాగునీటిలో కరిగిన లవణాలు, వేరే దిక్కు లేనప్పుడు కూడా, లీటరుకు 2 గ్రాములు దాటకూడదని భారత ప్రమాణం. సముద్రపు నీటిలో అవి దాదాపు 35 గ్రాములు. అలా ఉప్పునీటి చేపగా చెప్పే ఆకుపచ్చ చుక్కల పఫర్ నదీముఖాల్లో బతికే చేప. పెద్దయ్యాక దానికి లీటరుకు 10 నుంచి 20 గ్రాములు కావాలి. మన బోరు ఎంత ఉప్పనిపించినా ఆ దరిదాపులకు రాదు.

రాళ్లుప్పు కలిపితే సరిపోదా అంటారు. అది దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలోని మెగ్నీషియం, సల్ఫేట్, పొటాషియం ఆ పాళ్లలో దొరకాలంటే అక్వేరియంల కోసం అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమమే కలపాలి. పైగా ఈ చేప 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఒక్కదానికే 120 లీటర్ల ట్యాంకు ఉండాలి. ఆ ఖర్చుకు సిద్ధపడనివారికి, నా అభిప్రాయంలో, ఈ చేప వద్దు. వారికి తగినది పీ పఫర్. కేరళలోని పంబ వంటి నదుల మంచినీటి చేప అది, నిండా పెరిగినా సుమారు 3 సెంటీమీటర్లే. ఒక్కదానికి 20 లీటర్లు, నాలుగైదింటికి 50 లీటర్లు, దాక్కోవడానికి దట్టంగా మొక్కలు ఉంటే సరిపోతుంది. నత్త ముందు నీళ్లలో కదలకుండా నిలబడి, రెండు కళ్లనూ వేర్వేరుగా తిప్పుతూ, నత్త మెత్తటి ఒళ్లు బయటపెట్టిన క్షణంలో కొరికే దాని తీరు చూసి తీరాలి. పఫర్ల పళ్లు జీవితాంతం పెరుగుతాయి గనుక నత్తలు తిండే కాదు, పళ్లు అరగడానికి ఆకురాయి కూడా.

చిన్న చేపే కదా, గాజు గిన్నె చాలదా? చాలదు, ముఖ్యంగా మన ఊళ్లో. మాంసం తినే చేప నీటిని తొందరగా పాడుచేస్తుంది. దాని విసర్జనతో నీటిలో అమ్మోనియా చేరుతుంది. నీటి పి.హెచ్. 7 నుంచి 8కి పెరిగితే ఆ అమ్మోనియాలో విషరూపంలో ఉండే భాగం సుమారు పది రెట్లవుతుంది, వేడి దాన్ని ఇంకా పెంచుతుంది. సున్నపురాయి నీళ్లు సహజంగా క్షారగుణంవైపు ఉంటాయి. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మనకు పక్కనే. 25 డిగ్రీల నీరు లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పట్టుకుంటే, 35 డిగ్రీల్లో అది సుమారు 7కు పడిపోతుంది. కొద్దిపాటి నీటిలో ఈ మార్పులన్నీ వేగంగా జరుగుతాయి, నీరు ఎక్కువుంటే చేపకు తట్టుకునే వ్యవధి దొరుకుతుంది. అందుకే ఫిల్టరు పెట్టి, చేప లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు నడపాలి. అమ్మోనియాను, దాని నుంచి పుట్టే నైట్రైట్‌ను మార్చే బ్యాక్టీరియా ఆలోగా స్థిరపడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలు రెండూ సున్నా చూపాకే చేపను దింపాలి.

ఆర్‌ఓ క్యాన్ నీళ్లే పోస్తామనేవారూ ఉన్నారు. ఆ నీటిలో లవణాలు మరీ తక్కువ గనుక పి.హెచ్. నిలకడగా ఉండదు. బోరు నీళ్లలో ఆర్‌ఓ నీళ్లు కలిపి కఠినత్వం తగ్గించడం మేలు. సాగర్ కాలువ నుంచి వచ్చే కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయే మందు వేశాకే వాడాలి. వేసవిలో ఆవిరైన మేరకు మాత్రం ఆర్‌ఓ నీళ్లే పోయండి. ఆవిరయ్యేది నీరే, లవణాలు ట్యాంకులోనే మిగులుతాయి. మళ్లీ బోరు నీళ్లు పోస్తే ఆ లవణాలు పేరుకుపోతూ ఉంటాయి. పీ పఫర్లను ఎక్కువగా నదుల నుంచే పట్టి అమ్ముతున్నారు, ముప్పున్న జాతుల జాబితాలో అది ఇప్పటికే చేరింది. కాబట్టి తెచ్చిన చేప వృథాగా చనిపోకుండా, కొనే ముందే మీ బోరు నీళ్లు, కుళాయి నీళ్లు చెరో సీసాలో పట్టి కఠినత్వం, పి.హెచ్. పరీక్ష చేసి చూడండి.