బెరుకు కుక్కకు కొత్త ఇల్లు

దిక్కులేని కుక్కలను చేరదీసి, వైద్యం చేయించి, తిండి పెట్టే జంతు శరణాలయాలు కొన్ని ఊళ్ళలో ఉన్నవి. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల ప్రారంభించిన బ్లూ క్రాస్ అటువంటిదే. విశాఖపట్నంలో 1996 నుంచి మరొక సంస్థ ఈ పని చేస్తున్నది. లోకానికి ఇది కొత్త సంగతి కాదు. లండను నగరంలో 1860లోనే మేరీ టీల్బీ అనే ఆమె, తప్పిపోయి ఆకలితో తిరిగే కుక్కల కోసం ఒక ఇల్లు తెరిచింది. అది 1871లో బాటర్‌సీ అనే పేటకు మారి, ఇప్పటికీ నడుస్తున్నది.

కుక్కను పెంచుకుందామని శరణాలయానికి వెళ్ళేవారు సాధారణంగా ఎటువంటిదాన్ని ఎంచుకుంటారు? తోక ఊపుతూ కటకటాల దగ్గరికి పరుగెత్తి వచ్చేదాన్ని. వెనక మూలలో తోక ముడుచుకుని, గోడకు అంటుకుని కూర్చున్న చిన్న కుక్క కేసి చాలామంది చూడనైనా చూడరు. "ఇది పిరికిది, దీనికి మనుషులంటే ఇష్టం లేదు" అనుకుంటారు. ఈ మాట నిజమేనా?

కుక్కపిల్లకు మూడోవారం మొదలు సుమారు మూడున్నర నెలలు వచ్చేదాకా లోకాన్ని పరిచయం చేసుకునే వయసు. 1961లో అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు దీనిని పరీక్షించారు. కొన్ని కుక్కపిల్లలను తల్లులతో సహా కంచె వేసిన పొలంలో ఉంచి, మనుషుల అలికిడి తగలనీయకుండా పెంచారు. కొన్నిటిని వేరువేరు వయసుల్లో ఒక్క వారంపాటు బయటికి తెచ్చి, మనుషుల మధ్య ఉంచారు. చిన్నప్పుడు ఆ ఒక్క వారమైనా మనుషులను ఎరిగినవి మచ్చిక అయినవి. పధ్నాలుగు వారాలదాకా మనిషిని ఎరుగనివి అడవి జంతువులలాగా బెదిరిపోయినవి.

దీనినిబట్టి ఏం తెలుస్తున్నది? కుక్క బెదురుతున్నదంటే దానిది చెడ్డ స్వభావమని కాదు. చిన్నతనంలో దానికి మనిషి చెయ్యి తగిలి ఉండదు. లేదా రాయో కర్రో తగిలి ఉంటుంది. కొన్ని పుట్టుకతోనే కాస్త బెరుకుగా ఉంటవి.

మా గన్నవరంలో మా వీధివారు ఒకరు దూరపు ఊరి శరణాలయం నుంచి అటువంటి చిన్న కుక్కను తెచ్చుకున్నారు. దానికి బుజ్జి అని పేరు పెట్టారు. నాలుగోనాడు ఆ ఇంటి పిల్లవాడు ఏడుపు ముఖంతో నా దగ్గరికి వచ్చాడు.

"మేష్టారూ, బుజ్జి మంచం కిందనుంచి ఇవతలికే రావటం లేదు. రమ్మని లాగితే గుర్రుమంటున్నది. ఆదివారం దాన్ని తిరిగి ఇచ్చేస్తామంటున్నారు మా నాన్నగారు," అన్నాడు.

"కొత్త బడిలో చేరిన రోజున నువ్వు ఎంతమందితో మాట్లాడావురా?" అని అడిగాను.

వాడు కాస్త ఆలోచించి, "ఎవరితోనూ మాట్లాడలేదండీ," అన్నాడు.

"అయితే మీ నాన్నగారిని ఒక నెల ఆగమని చెప్పు. ఈలోగా దాన్ని ఎవరూ లాగకండి," అన్నాను.

ఆ ఇంట్లో నాయనమ్మగారు మంచి పని చేశారు. రోజూ సాయంత్రం మంచానికి కొంచెం దూరంలో, బుజ్జి కేసి చూడకుండా, పక్కకు తిరిగి కూర్చుని బియ్యం ఏరుకునేవారు. కాస్త పెరుగన్నం నేలమీద పెట్టేవారు. మొదట్లో ఆవిడ లేచి వెళ్ళాకనే బుజ్జి తినేది. వారం గడిచాక ఆవిడ ఉండగానే తినసాగింది. మరి కొన్నాళ్ళకు వచ్చి చేట పక్కన పడుకున్నది. అప్పుడుకూడా ఆవిడ నెత్తిమీద చెయ్యి వెయ్యక, గదుమ కింద మెల్లిగా నిమిరారు. బుజ్జిని తిరిగి ఇచ్చే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నాయనమ్మగారు చేసిన పనికి శాస్త్రం తోడు ఉన్నది. బెంగాలులోని ఐసర్ సంస్థ పరిశోధకులు వీధికుక్కలను పరీక్షించి 2017లో ఒక విషయం ప్రకటించారు. ముఖం తెలియని మనిషి చేతిలోంచి తిండి తీసుకోవటానికి కుక్కలు జంకినవి. నేలమీద పెడితే తిన్నవి. తరువాత కొన్నాళ్ళపాటు కొన్ని కుక్కలకు అదనంగా తిండి పెట్టారు, మరి కొన్నిటిని నిమిరారు. తిండి దొరికిన వాటికన్నా ఆప్యాయంగా నిమిరించుకున్నవే మనిషిని త్వరగా నమ్మినవి. ఇది తెలిసినవారు చేసిన పరీక్ష. మీరు మాత్రం వీధికుక్కల మీద చెయ్యి వెయ్యకండి!

కుక్కకు మాటలు రాకపోయినా అది తన భయాన్ని చెబుతుంది. నిద్ర రాకుండానే ఆవలిస్తుంది, పెదవులు నాక్కుంటుంది, ముఖం పక్కకు తిప్పుకుంటుంది, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది. ఇవి కనిపిస్తే వెనక్కు జరగాలి. గుర్రుమంటే కొట్టకూడదు. గుర్రుమనటం "దగ్గరికి రావద్దు" అని చేసే హెచ్చరిక. దెబ్బలు తిని హెచ్చరించటం మానిన కుక్క ఒకనాడు చెప్పకుండానే కరవవచ్చు. మనకు వినబడని సన్నని ధ్వనులుకూడా కుక్కకు వినబడతవి. అందుచేత దీపావళినాడు దాన్ని లోపలి గదిలో ఉంచి తలుపు వెయ్యాలి. కొత్తలో వీధిలోకి తీసుకువెళితే మెడపట్టీ, గొలుసు తప్పనిసరి. బెదిరి పరుగెత్తిన కుక్క హైవే మీదికి పోతే దాని ప్రాణానికే ముప్పు.

పెద్దలు గమనించవలసినవి కొన్ని ఉన్నవి. కుక్కను తేగానే పశువైద్యుడికి చూపించాలి. మన గన్నవరంలో 1998 నుంచి పశువైద్య కళాశాలే ఉన్నది. పిల్లకు మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా వేయించి, తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయిస్తూ ఉండాలి. ఏ కుక్క కరిచినా, చిన్న గీరు పడినా, వెంటనే సబ్బుతో ధారగా పడే నీళ్ళకింద పదిహేను నిమిషాలు కడిగి, ఆస్పత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. రేబీస్ లక్షణాలు పైకి కనబడ్డాక మనిషి బతకటం దాదాపు అసాధ్యం. ఇంట్లో మిగిలిందల్లా కుక్కకు పెట్టరాదు. ఉల్లిపాయలు వేసిన పులుసు, ద్రాక్ష, చాక్లెట్టు దానికి విషంతో సమానం.

కుక్క పన్నెండు పదిహేనేళ్ళు బతకవచ్చు. ఆరోతరగతిలో మీరు తెచ్చిన పిల్ల, మీరు ఉద్యోగంలో చేరేనాటికి ముసలిదై గుమ్మంలో మీకోసం చూస్తూ ఉండవచ్చు. దానికి రోజూ తిండి పెట్టేదెవరు? బయటికి తిప్పేదెవరు? సెలవులకు ఊరు వెళితే చూసేదెవరు? ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పుకోండి. కొన్ని కుక్కలకు ఎన్నాళ్ళయినా కొంత బెరుకు మిగిలే ఉంటుంది. దానికికూడా మీరు ఒప్పుకోవాలి.

అన్నిటికీ సిద్ధమైతేనే శరణాలయానికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు, ముందుకు పరుగెత్తి వచ్చిన కుక్కలను చూశాక, వెనక మూలలో కూర్చున్నదాన్నికూడా ఒకసారి చూడండి.