పాఠం విన్నా క్రెడిట్లు రాలేదా?

అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకే యూనివర్సిటీ. అక్క మెయిన్ క్యాంపస్‌లో, చెల్లెలు పక్క జిల్లా క్యాంపస్‌లో చదువుతున్నారనుకోండి. ఇద్దరూ ‘స్వయం’లో ఒకే ఆన్‌లైన్ కోర్సు పాసయ్యారు. అక్క మార్కుల జాబితాలో క్రెడిట్లు చేరాయి. చెల్లెలికి సర్టిఫికెట్ తప్ప ఏమీ మిగల్లేదు. ఎందుకిలా? ఆమె క్యాంపస్ ఆ కోర్సును ముందుగా జాబితాలో చేర్చుకోలేదు మరి!

2017లో మొదలైన ‘స్వయం’లో పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి పరీక్ష రాయాలి. సెమిస్టర్ కోర్సుల్లో 20 శాతం దాకా ఇలా చదవొచ్చని 2016లో యూజీసీ చెప్పింది. 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. అయితే ఏయే కోర్సులకు క్రెడిట్లివ్వాలో తేల్చేది యూనివర్సిటీయే. ఆ జాబితా అన్ని క్యాంపస్‌లకూ ఒకేసారి అందకపోతే నష్టపోయేది మన పిల్లలే.

ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అదీ తమ్ముడి చేతిలో ఉందా? దిగులు పడకండి. కంప్యూటర్, ల్యాబ్, లైబ్రరీ సౌకర్యాలను విద్యాసంస్థే ఉచితంగా కల్పించాలని 2016 నిబంధనల్లోనే ఉంది. అడగడానికి మొహమాటమెందుకు?

చేరేముందు ఇవి చూసుకోండి:

* ఆమోదించిన కోర్సుల జాబితా అడగండి. మీ కోర్సు అందులో ఉందో లేదో చూసుకోండి.

* క్రెడిట్లు కలుపుతామన్న మాట కాగితం మీద తీసుకోండి.

* మీకు సలహా ఇచ్చే లెక్చరర్ ఎవరో తెలుసుకోండి.

* కోర్సులో చేరితే చాలదు. పరీక్షకు విడిగా నమోదు చేసుకోవాలి. ఆ గడువు తేదీని క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

సర్టిఫికెట్ రాగానే కాలేజీ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. కష్టపడి చదివిన చదువు లెక్కలోకి రావాలి కదా!