పున్నమి తప్పే నెలలో మామిడి పూత

ఫిబ్రవరిలో తెల్లవారుజామున చాట్రాయి తోటల్లోకి అడుగుపెడితే ముందు పలకరించేది వాసన. తీపీ వగరూ కలిసిన పూత వాసన. మంచుకి పైకి లేవలేక చెట్ల కిందే ఆగి ఉంటుంది, ఎండెక్కితేగాని కదలదు. నూజివీడు చుట్టూ ముసునూరు, ఆగిరిపల్లి, రెడ్డిగూడెం దాకా ఎర్రనేలల్లో ఎటు చూసినా ఇదే వైభవం. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, తోతాపురి, అన్నీ ఆకు కనపడనంతగా పూస్తాయి.

చిత్రమైన నెల ఇది. పున్నమి నుంచి పున్నమికి ఇరవై తొమ్మిదిన్నర రోజులు పడుతుంది కాబట్టి, అసలు పున్నమే లేకుండా గడిచిపోగల నెల ఫిబ్రవరి ఒక్కటే. 1999లో, 2018లో అలా గడిచింది. మళ్లీ 2037లో గడుస్తుంది. రోమన్ల తొలి కాలెండరులో ఈ నెలే లేదు. మార్చిలో మొదలై డిసెంబరుతో ఏడాది అయిపోయేది, ఆ తర్వాతి చలిరోజులు ఏ నెలకూ చెందేవి కావు. నూమా పాంపిలియస్ అనే రాజు జనవరినీ ఫిబ్రవరినీ చేర్చాడని వాళ్ల చరిత్రకారులు రాశారు. సరిసంఖ్య అశుభమని మిగతా నెలలకు బేసి రోజులిచ్చి, 28 రోజుల్ని దీనికి కట్టబెట్టారు. శుద్ధికర్మలు, పితృదేవతల కొలుపులు ఈ నెలలోనే జరిపేవారు. ఇంచుమించు అవే రోజుల్లో మన ఊళ్లలో మాఘస్నానాలు, శివరాత్రి జాగారాలు! ఎక్కడి రోము, ఎక్కడి చాట్రాయి? చలి వెనకబడుతున్న వేళ ఒళ్లూ మనసూ కడుక్కోవాలని ఇద్దరికీ తోచిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మామిడికి మాత్రం తిథులూ తేదీలూ పట్టవు. దాని లెక్కంతా చలిరాత్రులతోనే. ముదిరిన కొమ్మ చివరి మొగ్గకు చలి సరిగ్గా తగిలితే పూత అవుతుంది, తగలకపోతే చిగురై పోతుంది. చలి చాలని ఏడు ఒకే చెట్టుకి ఒక పక్క పూత, ఒక పక్క చిగురు కనిపించేది అందుకే.

ఒక్క గుత్తిని దగ్గరికి వంచి చూడండి. ఒక్కోదానిలో వందల పూలు, కొన్నిటిలో వేలు. ఒక్కో పువ్వు బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దది. ఐదు లేత రేకులు, వాటి మీద పసుపు చారలు. పువ్వు పాతబడేకొద్దీ ఆ చారలు ఎర్రబారతాయి. పుప్పొడి ఇచ్చే కేసరం చాలా పూలలో ఒక్కటే. ఎక్కువ భాగం మగపూలే, కాయ కాసేవి కావు. మిగిలినవాటిలోనూ పిందె కట్టేవి కొన్నే, కట్టిన పిందెల్లో రాలేవే ఎక్కువ. చివరికి గుత్తికి ఒకటో రెండో కాయలు నిలిస్తే రైతుకి అదే పండగ. రాలిన పూత తోటంతా పొట్టు పోసినట్టు ఉంటుంది. దాన్ని చూసి దిగులుపడక్కర్లేదు, అన్నీ నిలిస్తే ఏ కొమ్మా మోయలేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ వెచ్చదనానికే ఈగలు ముసురుతాయి. మామిడి పెళ్లికి పెద్దలు ముఖ్యంగా ఈ ఈగలే. తేనెటీగలూ వస్తాయిగానీ ఎక్కువ పని వీటిదే. ఇంట్లో తోలేసే ఈగకి తోటలో ఇంత పెద్దరికం ఉంది.

పగవాళ్లూ ఇప్పుడే వస్తారు. తేనెమంచు పురుగు పట్టిన చెట్టు కిందికి వెళ్తే చిటపటమని చినుకులు పడుతున్న చప్పుడు వినిపిస్తుంది. అవి ఆకు మీంచి ఆకు మీదికి ఎగిరే చప్పుడది. రసం పీల్చి జిగురు వదులుతాయి, ఆ జిగురు మీద మసి పట్టి ఆకులు నల్లబడతాయి. పొద్దున మంచు వదలకపోతే బూడిద తెగులూ తోడవుతుంది. రైతు భయం నాకు అర్థమవుతుంది, ఏడాది తిండి ఆ గుత్తుల్లోనే ఉంది మరి. అయినా పూలు విచ్చుకున్న ఆ కొద్దిరోజులూ మందు కొట్టొద్దని బతిమాలి చెబుతాను. మొగ్గ దశలో కొట్టుకోవచ్చు, పిందె కట్టాక కొట్టుకోవచ్చు. నిండుపూత మీద కొడితే పురుగుతోపాటు ఈగా పోతుంది, ఈగ పోతే పిందె కట్టదు.