హలో... మాటెక్కడ తెగుతోంది?

‘అమ్మా, ఆ కొత్త మాత్ర రాత్రి వేసుకో...’

‘రాత్రే వేసుకోవాల్నా?’

‘కాదమ్మా, వేసుకో...’

‘సరిగ్గా ఇనపడ్తాలేదు నాయనా, గట్టిగా చెప్పు!’

ఆళ్లగడ్డలో తల్లి, అమెరికాలో కొడుకు అనుకోండి. అతను చెప్పింది ‘వేసుకోవద్దు’ అని. ఆమెకు వినిపించింది ‘వేసుకో’ అని! నంద్యాల, ఆళ్లగడ్డల్లో పిల్లల్ని దూరాభారం పంపిన ఇళ్లకు ఇలాంటి తంటా కొత్తేం కాదు. వెంటనే ‘నెట్ పాడైంది’ అని కంపెనీని తిట్టుకుంటాం. కానీ ఒక్కోసారి దొంగ ఇంట్లోనే ఉంటాడు!

మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్‌లో తలుపులు తెరుచుకున్నాయి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్... నెట్, టీవీ, ఫోను మూడింటినీ ఒకే తీగ మీద ఇంటికి తెచ్చింది. సౌకర్యం బాగుంది. మరి మాటెందుకు తెగుతుంది?

ముక్కలైన మాట

ఇంటర్నెట్ ఫోను మన మాటను సెకనుకు సాధారణంగా 50 ముక్కలుగా కోసి, ప్యాకెట్లు కట్టి పంపుతుంది. అవతల వాటిని మళ్లీ వరసలో పేర్చి వినిపిస్తుంది. ఒకటీ అరా తప్పిపోతే చెవికి తెలియదు. వరసగా పదీ పదిహేను పోయాయా... ‘వద్దు’ లాంటి చిన్నమాట మాయం! మరీ ఆలస్యంగా చేరినవీ పోయినట్టే లెక్క.

‘మాది 100 ఎంబీపీఎస్ కనెక్షన్’ అంటారా? ఒక కాల్‌కు ఒక్కో వైపు 100 కేబీపీఎస్ చాలు. అంటే అందులో వెయ్యో వంతు. మాటకు కావాల్సింది వేగం కాదు, నిలకడ.

దొంగను ఇలా పట్టండి

* ముందు రౌటర్ పక్కనే నిలబడి మాట్లాడండి. బాగా వినిపిస్తే లోపం వైఫైదే. మందపాటి రాతి గోడలు, ఇనుప బీరువాలు సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. నడుస్తున్న మైక్రోవేవ్ ఒవెన్ కూడా చెడగొడుతుంది. రౌటర్‌ను ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టండి.

* తర్వాత మిగతా ఫోన్లు, టీవీల నెట్ ఆపి చూడండి. కాల్ కుదుటపడిందా? అయితే ఎవరి ఫోనులోంచో పెళ్లి ఫొటోలు, వీడియోలు గుట్టుగా ఆన్‌లైన్‌కు ఎక్కుతున్నాయేమో! వాటి వెనక మన మాట వరసలో నిలబడాల్సి వస్తుంది. రౌటర్‌లో ‘క్యూఓఎస్’ సదుపాయం ఉంటే కాల్‌కు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి.

* ఒకరి మాటే తెగుతోందా? ఎవరిది తెగుతోందో ముందు వారింట్లోనే ఈ పరీక్షలు చేయాలి. అమెరికాలో ఉన్నవారికీ ఇదే సూత్రం.

* గరగర శబ్దం వస్తే హ్యాండ్‌సెట్, దాని వైరు మార్చి చూడండి. మన గొంతే మనకు వినిపిస్తుంటే అవతలివారిని స్పీకర్ ఆపమనండి.

* బాక్సు మీద ‘ఎల్ఓఎస్’ దగ్గర ఎర్రలైటు వెలిగితే ఫైబర్ సిగ్నల్ అందనట్టు. ఇక అది ఆపరేటర్ పని. ఆ సన్నని తీగను మడవడం, మేకుకు బిగించి చుట్టడం మాత్రం చేయకండి.

ఇవన్నీ చేసినా తీరకపోతే ఏ రోజు, ఏ వేళ, ఎవరి మాట తెగిందో నాలుగు రోజులు రాసిపెట్టి ఫిర్యాదు చేయండి. ‘ఫోను బాగాలేదు’ అనడం కంటే ‘రోజూ రాత్రి తొమ్మిదికి మా మాట అవతలికి తెగుతోంది’ అంటే లోపం త్వరగా దొరుకుతుంది.

కరెంటు పోతే?

పాత ల్యాండ్‌లైనుకు ఎక్స్ఛేంజీ నుంచే కరెంటు అందేది. ఇల్లు చీకటైనా ఫోను మోగేది. ఫైబర్‌లో వచ్చేది కాంతి మాత్రమే. ఇంట్లో కరెంటు పోతే బాక్సుతో పాటు ఫోనూ మూగబోతుంది. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో బాక్సుకు, రౌటర్‌కు చిన్న యూపీఎస్ తప్పనిసరి. చార్జింగ్ నిండిన మొబైల్ కూడా చేతికందేలా ఉండాలి.

ఎన్ని చేసినా ఒక్కోసారి మాట జారుతుంది. అందుకే మందులు, డబ్బు, ప్రయాణాల సంగతులు చెప్పాక అవతలివారితో ఓసారి తిరిగి చెప్పించుకోండి. ‘రాత్రి వేసుకోవద్దు’ అనే బదులు ‘పొద్దున మాత్రమే వేసుకోమ్మా’ అనండి. చివరి మాట తెగినా, అమ్మ మాత్ర మారిపోదు!