సగటు మార్కుల తీర్పు

పరీక్షా ఫలితములు వెలువడినంతనే రచ్చబండ యొద్ద ఒక తీర్పు జరుగుట కలదు. “ఆ మాస్టారి తరగతికి సగటు 56, ఈ మాస్టారి తరగతికి 52 మాత్రమే” అందురు. ఆ నాలుగు మార్కులే ఒక ఉపాధ్యాయునకు కీర్తిని, వేరొకరికి అపకీర్తిని తెచ్చిపెట్టును. ఈ తీర్పు ఎంతవరకు న్యాయము?

పల్నాడు జిల్లా నకరికల్లులో ఇట్టి తరగతులు రెండు కలవనియు, ఒక్కొక్కదానిలో 25 మంది విద్యార్థులున్నారనియు అనుకొందము. ఇది లెక్క కొరకు మేము కల్పించిన ఉదాహరణ మాత్రమే. ఏ తరగతిలోనైనను అందరికిని ఒకే మార్కులు రావు. సగటునకు పైన, క్రింద అవి చెదరియుండును. ఈ చెదురును కొలుచు అంకెకు ప్రామాణిక విచలనమని పేరు. అది ఇచట 14 అనుకొందము.

న్యాయస్థానమున నేరము రుజువగువరకు ముద్దాయిని నిర్దోషిగా నెంచుదురు. అట్లే సాంఖ్యకశాస్త్రజ్ఞుడు మొదట రెండు తరగతులకును నిజమైన భేదము లేదని తలంచును. ఇదియే శూన్య పరికల్పన. పిదప, “భేదము లేకున్నను, కేవలము యాదృచ్ఛికముగా ఇంత తేడా ఎన్నిమారులు రాగలదు?” అని ప్రశ్నించును. 25 మంది చొప్పున గల తరగతుల సగటుల తేడా, ఏ కారణము లేకయే, సుమారు 4 మార్కులు అటునిటు ఊగుచుండును. కావున 4 గాని అంతకు మించి గాని తేడా 100 మారులలో సుమారు 32 మారులు రావచ్చును. 5 మారులకు లోబడినప్పుడే భేదమును నమ్ముట వాడుక. రచ్చబండ తీర్పు నిలువలేదు. తరగతికి 100 మంది ఉన్నచో ఊగిసలాట 2 మార్కులకు తగ్గును. అప్పుడు అదే 4 మార్కుల తేడా నమ్మదగినదగును.

చిన్న సంఖ్యలకు తగిన ఈ పరీక్షను 1908లో డబ్లిన్ నగరపు గిన్నెస్ బీరు కర్మాగార ఉద్యోగి విలియం గోసెట్ “స్టూడెంట్” అను మారుపేరుతో ప్రకటించెను.

అయితే భేదము నిజమైనంత మాత్రమున దానికి కారణము ఉపాధ్యాయుడే యని తేలదు. చురుకైన పిల్లలందరిని ఒకే తరగతిలో చేర్చి యుండవచ్చును. ఈ చిక్కునకు విరుగుడు చీట్లు వేసి విభజించుటయే. 2005లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అట్లే చేసిరి. చీట్లలో వచ్చిన 200 పాఠశాలలలో విద్యార్థుల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు బోనసు నిచ్చిరి. 100 పాఠశాలలను పోలిక కొరకు ఉంచిరి. రెండేండ్ల పిదప బోనసు పాఠశాలల పిల్లలు గణితమున ప్రామాణిక విచలనములో 0.27 వంతు, భాషలో 0.17 వంతు ముందుండిరి. మా ఉదాహరణ కొలతలో గణితపు ఆధిక్యము ఇంచుమించు 4 మార్కులే! కాని 300 పాఠశాలల సాక్ష్యము దానికి బలమైనది.

పరీక్షలో భేదము తేలనంత మాత్రమున తరగతులు రెండును సమానమని రుజువు కాలేదు. సాక్ష్యము చాలలేదని మాత్రమే అర్థము. కావున సగటులను పోల్చునపుడు పిల్లలెందరు, మార్కుల చెదురెంత, తరగతుల విభజన ఎట్లు జరిగినది అని తలిదండ్రులు ముందుగా విచారింపవలెను. ఈ మూడును తెలియక ఒక ఉపాధ్యాయుని పేరు చెరచుట తగదు.