చెంచా మీద వంశం రాసి ఉంటుందా?

అపోహ: పాత స్కాటిష్ వెండి చెంచా కాడ మీద చిహ్నం ఉంటే, ఆ ఇంటిపేరు వాళ్లందరికీ అదే వంశ చిహ్నం.

వాస్తవం: స్కాట్లాండ్‌లో చిహ్నం ఇంటిపేరుకు కాదు, మనిషికి దక్కుతుంది. లార్డ్ లయన్ న్యాయస్థానం ఒక్కొక్కరికీ దాన్ని మంజూరు చేసి, 1672 చట్టంతో ఏర్పడ్డ పట్టికలో నమోదు చేస్తుంది. తండ్రిది పెద్దకొడుక్కి వస్తుంది. తమ్ముళ్లు ఏదో ఒక తేడా చేర్చి మళ్లీ నమోదు చేయించుకోవాలి. పైగా పాత వెండి కొన్నవాళ్లు వెనకటి చెక్కడాన్ని అరగదీయించి తమది వేయించుకోవడమూ ఉండేది. నోటి ఆవిరి తగిలిస్తే ఒక్కోసారి చెరిపిన గీతలు లీలగా బయటపడతాయి. చిహ్నం ఒక్కటే చూసి తాతముత్తాతలను నిర్ణయించుకోకూడదు.

అపోహ: ఒకే వస్తువు మీద రెండు ఇంటిపేర్ల పొడి అక్షరాలుంటే అది చేతులు మారిన సరుకు.

వాస్తవం: తరచూ అవి భార్యాభర్తలవి. స్కాట్లాండ్‌లో పెళ్లయిన స్త్రీ పాత దస్తావేజుల్లోనూ సమాధి రాళ్ల మీదా పుట్టింటి పేరుతోనే కనిపిస్తుంది. క్వేఖ్ అనే రెండు చెవుల పానపాత్ర మీద ఒక చెవిన భర్తవి, మరో చెవిన భార్యవి చెక్కించేవారు. వస్తువు ఏ కాలానిదో తేలితే, ఆ అక్షరాలను చర్చి వివాహ రిజిస్టర్లతో పోల్చి చూడవచ్చు. కుటుంబ చరిత్ర వెతికేవారికి చిహ్నం కన్నా ఇవే గట్టి ఆధారమని నా నమ్మకం. ఆ అక్షరాలు చెంచా వెనకవైపు ఉన్నాయని తప్పుబట్టకండి. 18వ శతాబ్ది తొలి సగంలో చెంచాలను బల్ల మీద బోర్లించి పెట్టేవారు.

అపోహ: ఎడిన్‌బరా కోట ముద్ర లేకపోతే నకిలీ.

వాస్తవం: ఆ కోట 1485 నుంచి, సంవత్సరం తెలిపే అక్షరం 1681 నుంచి, తిస్టిల్ పువ్వు 1759 నుంచి 1974 దాకా ఉన్న మాట నిజమే. కానీ రాజధానికి సరుకు పంపడం దూరప్రాంతపు కంసాలులకు ఖర్చు, దారిలో ప్రమాదం కూడా. అందుకే తమ ఊరి గుర్తు తామే కొట్టేవారు: ఇన్వర్నెస్‌ది ఒంటె, మాంట్రోజ్‌ది గులాబీ, గ్రీనక్‌ది లంగరు. సేకర్తలు వీటికే ఎక్కువ ధర పెడతారు.

అపోహ: ఈపీఎన్ఎస్ అని ముద్ర ఉన్నా వెండే.

వాస్తవం: పైన వెండి పూత, లోపల మన జర్మన్ సిల్వరే. అంటే రాగి, నికెల్, జింకు.

అపోహ: తళతళలాడేలా తోమితేనే విలువ.

వాస్తవం: నలుపు గాలిలోని గంధకం వల్ల వస్తుంది, కల్తీ వల్ల కాదు. గట్టిగా తోమినప్పుడల్లా కాస్త వెండి పోతుంది, ముద్రలూ పొడి అక్షరాలూ అరిగిపోతాయి. వాడుతూ, గోరువెచ్చని నీళ్లతో కడిగి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. కత్తులను మాత్రం వేడి నీళ్లలో నానబెట్టవద్దు. వాటి బోలు పిడుల్లో నింపిన లక్కలాంటి పదార్థం వేడికి కరుగుతుంది.