ఆస్ట్రోశాట్‌కు రోజుకు పద్నాలుగు రాత్రులు

బెంగళూరులో పీణ్య పేరు చెబితే ఎవరికైనా లేతు మిషన్లు, పౌడర్ కోటింగ్ షెడ్లు, సందుల్లో ఇరుక్కుపోయిన లారీలు గుర్తొస్తాయి. తుమకూరు రోడ్డు పక్కన, మెట్రో స్తంభాల దాపున ఉన్న ఈ పారిశ్రామికవాడలోనే ఇస్రో వారి ఇస్ట్రాక్ ఉంది. ఉపగ్రహాలను పైకి పంపడం శ్రీహరికోట పని, పంపినవాటిని సాకడం ఇస్ట్రాక్ పని. చంద్రయాన్-3 దిగిన సాయంత్రం టీవీల్లో అందరూ లేచి చప్పట్లు కొట్టిన గది ఇక్కడిదే. ఆ చప్పట్లు ఏడాదికి ఒకటి రెండు రోజుల ముచ్చట. మిగిలిన రోజులన్నీ షిఫ్టు డ్యూటీలు, కమాండ్ల జాబితాలు, తెర మీద కదిలే అంకెలు. ఆ అంకెల్లో కొన్ని భారతదేశపు తొలి పూర్తిస్థాయి అంతరిక్ష వేధశాల ఆస్ట్రోశాట్‌వి.

2015 సెప్టెంబరు 28న ఉదయం పది గంటలకు పీఎస్‌ఎల్‌వీ-సీ30 రాకెట్ శ్రీహరికోట నుంచి దాన్ని మోసుకెళ్లింది. బరువు 1,515 కిలోలు. అయిదేళ్లు పనిచేస్తే చాలనుకున్నారు. 2025 సెప్టెంబరుకు పదేళ్లు నిండాయి.

అంతరిక్ష టెలిస్కోపు అనగానే మన కళ్ల ముందు కదిలే బొమ్మ ఒకటుంది. వాతావరణం అడ్డులేని చోట హాయిగా కూర్చుని, కోరిన నక్షత్రం వైపు కోరినంతసేపు చూస్తూ ఉంటుందని. పీణ్యలో తయారయ్యే దినచర్య చూస్తే ఆ భ్రమ మిగలదు. ఆస్ట్రోశాట్ రోజులో పెద్ద భాగం ఏం చూడాలన్నదానికంటే ఏం చూడకూడదన్న లెక్కలకే సరిపోతుంది. సూర్యుడిని, వెలుగుతున్న భూమిని, ఎక్కువ కాంతి ఉన్న నక్షత్రాలను, తాను దూసుకుపోతున్న దిక్కును, చివరికి దక్షిణ అట్లాంటిక్ మీది ఆకాశాన్ని కూడా తప్పించుకోవాలి. ఇవన్నీ పోను చేతికి మిగిలిన నిమిషాలే సైన్సు.

ముందు కక్ష్య సంగతి. భూమికి 650 కిలోమీటర్ల ఎత్తున, సుమారు 98 నిమిషాలకు ఒక చుట్టు. అంటే రోజుకు పద్నాలుగు చుట్లు, ఆపై కాస్త. ప్రతి చుట్టులోనూ ఒక పగలు, ఒక రాత్రి. రాత్రి అంటే భూమి నీడలో గడిచే అరగంట పైచిలుకు సమయం. కక్ష్య వాలు భూమధ్యరేఖకు 6 డిగ్రీలే. శ్రీహరికోట దాదాపు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి అక్కడ నుంచి తిన్నగా ప్రయోగిస్తే 6 డిగ్రీల కక్ష్యలోకి చేరడం జరగని పని. రాకెట్ దారిలో పక్కకు తిరగాలి, అందుకు శక్తి ఖర్చవుతుంది. అంత అవస్థ పడింది ఒక ముప్పును తగ్గించుకోవడానికి.

ఆ ముప్పు బ్రెజిల్ నుంచి దక్షిణ అట్లాంటిక్ దాకా పరుచుకుని ఉంది. భూమి అయస్కాంత క్షేత్రం అక్కడ బలహీనంగా ఉండటంతో విద్యుదావేశ కణాలు బాగా కిందికి దిగివస్తాయి. వాటి జడివానలో డిటెక్టర్లకు అధిక వోల్టేజీ ఇచ్చి ఉంచితే పనిముట్టే పాడైపోవచ్చు. హబుల్‌ది 28 డిగ్రీలకు పైబడిన వాలు, అది ఈ ప్రాంతం నడిబొడ్డు నుంచి వెళ్తుంది. ఆస్ట్రోశాట్ అంచును మాత్రమే రాసుకుంటూ పోతుంది. అయినా చాలా చుట్లలో ఆ అంచు తగులుతూనే ఉంటుంది. అక్కడికి చేరేలోగా వోల్టేజీ తగ్గించాలి, దాటాక మళ్లీ పెంచాలి. కణాల తాకిడిని కొలిచే చిన్న పరికరం ఒకటి ఉపగ్రహంలో కాపలా ఉంటుంది. సీజియం అయొడైడ్ స్ఫటికంతో పనిచేసే ఈ పరికరం పేరు ఏ పరిశోధన పత్రం శీర్షికలోనూ పెద్దగా కనబడదు. మిగిలినవాటి ఆయుష్షు మాత్రం దాని చలవే.

మిగిలినవి అయిదు. యూవీఐటీలో 38 సెంటీమీటర్ల వెడల్పున్న జంట టెలిస్కోపులున్నాయి, అవి అతినీల లోహిత కాంతిని చూస్తాయి. మృదు ఎక్స్ కిరణాలకు బంగారు పూత దర్పణాల ఎస్‌ఎక్స్‌టీ. జెనాన్ వాయువు నింపిన మూడు పెట్టెల లాక్స్‌పీసీ, ఎక్స్ కిరణాల మిణుకులను సెకనులో లక్షో వంతు తేడాతో లెక్కిస్తుంది. అంతకంటే శక్తిమంతమైన కిరణాలకు సీజడ్‌టీఐ. ఈ నాలుగూ ఒకే దిక్కుకు చూస్తాయి. అయిదోది ఎస్‌ఎస్‌ఎం, తన పీఠం మీద తాను తిరుగుతూ కొత్తగా ఏదైనా భగ్గుమందేమో వెతుకుతుంటుంది. ఒక్క నక్షత్ర జంటనే ఏకకాలంలో అతినీల లోహితం నుంచి కఠిన ఎక్స్ కిరణాల దాకా చూడగలగడమే ఆస్ట్రోశాట్ ప్రత్యేకత. ఈ పరికరాలకు పొత్తు కుదర్చడమే పీణ్యవాళ్లకు తలనొప్పి.

ఎందుకంటే నాలుగింటి ఇష్టాయిష్టాలు నాలుగు రకాలు. ఎక్స్ కిరణాల పరికరాలకు కక్ష్యలో పగలైనా రాత్రయినా పెద్ద పట్టింపు లేదు. యూవీఐటీ మాత్రం రాత్రి ఉంటే తప్ప కన్ను తెరవదు. దాని డిటెక్టర్లు కాంతి కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే జాతివి, సెకనుకు ఇంచుమించు 29 ఫ్రేములు తీస్తాయి. వాటి మీద ఎక్కువ వెలుగు పడితే కష్టం. చూసే మేర 28 ఆర్క్ నిమిషాలు, దాదాపు నిండు చందమామ అంత. ఆ వలయంలో అతినీల లోహితంలో బాగా వెలిగే నక్షత్రం ఒక్కటి ఉన్నా పరిశీలనకు అనుమతి దొరకదు, లేదా ఫిల్టరు మార్చుకోమంటారు. కాబట్టి టెలిస్కోపు సమయం అడిగే శాస్త్రవేత్త ముందుగా తన లక్ష్యం చుట్టుపక్కల ఎవరెవరు ఉన్నారో పాత సర్వేల్లో గాలించి, ఇరుగుపొరుగు నిరపాయకరమని రుజువు చూపాలి. వేడి నక్షత్రాలు కిక్కిరిసిన పాలపుంత తలం వెంట ఇది ఎంత చిక్కో ఊహించుకోవచ్చు. రేపు పొరపాటున అలాంటిది ఎదురైతే పరికరమే పసిగట్టి వోల్టేజీ దించుకునే ఏర్పాటూ ఉంది.

సూర్యుడికి కనీసం 45 డిగ్రీల ఎడం పాటించాలి. వెళ్తున్న దిక్కుకు 12 డిగ్రీల లోపు తిరగకూడదు, ఎందుకంటే ఆ ఎత్తులోనూ పలచగా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో వచ్చి దర్పణాల మీద పడితే పూత దెబ్బతింటుంది. ఇక భూమి. 650 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తే అది ఆకాశంలో మూడో వంతును కప్పేస్తుంది. కక్ష్య తలానికి బాగా ఎడంగా ఉన్న కొన్ని దిక్కులు తప్ప, ఏ లక్ష్యమైనా ప్రతి చుట్టులో కాసేపు భూమి చాటుకు వెళ్లక తప్పదు.

ఇన్ని షరతులు తీరాక యూవీఐటీకి చుట్టుకు దొరికేది పాతిక నిమిషాలో, ఇంకా తక్కువో. ఆ కాసేపట్లోనూ ఉపగ్రహం నిలకడగా ఉండదు, మెల్లగా ఊగుతుంది. అందుకని జంట టెలిస్కోపుల్లో ఒకదానికి మామూలు కాంతిని చూసే ఛానెల్ పెట్టారు. అది తెలిసిన నక్షత్రాలను గమనిస్తూ ఎటు ఎంత జరిగామో రాసిపెడుతుంది. ఆ లెక్క పట్టుకుని కింద కంప్యూటర్లలో ఒక్కో కాంతి కణాన్నీ దాని అసలు చోటుకు జరుపుతారు. అలా కూడగట్టిన బొమ్మ స్పష్టత ఒకటిన్నర ఆర్క్ సెకన్ల దాకా వెళ్తుంది. అంతకుముందు ఇదే కాంతిలో ఆకాశమంతా జల్లెడ పట్టిన అమెరికా వారి గెలెక్స్ టెలిస్కోపు స్పష్టత అయిదు ఆర్క్ సెకన్ల దగ్గర ఆగింది.

పైనుంచి డేటా దించుకోవడం మరో పూట పని. ఈ ఉపగ్రహం ఏనాడూ బెంగళూరు నడినెత్తిన రాదు. 6 డిగ్రీల అక్షాంశం దాటి ఉత్తరానికి ఎక్కదు కనుక ఎప్పుడూ దక్షిణపు ఆకాశంలో పడమర నుంచి తూర్పుకు పోతుంది. కనిపించేది పది పన్నెండు నిమిషాలు. రోజుకు పదో పదకొండో చుట్లు మాత్రమే ఇలా అందుబాటులోకి వస్తాయి, మిగిలినప్పుడు దిగంతానికి మరీ అంటుకుని పోతుంది. ఆ నిమిషాల్లోనే ఆరోగ్యం విచారించాలి, కొత్త కమాండ్లు ఎక్కించాలి, పరికరాలు పోగేసిన డేటా దించాలి. దినానికి 420 గిగాబిట్ల వరకు వస్తుందని మొదట్లోనే అంచనా కట్టారు.

ఆ డేటా దిగే చోటు పీణ్య కాదు. మైసూరు రోడ్డు వైపు, బెంగళూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో బ్యాలాళు అనే పల్లె ఉంది. చుట్టూ చిన్న గుట్టలు, నడుమ పళ్లెంలాంటి పల్లం. ఆ గుట్టలే నగరపు రేడియో రొదను అడ్డుకుంటాయని ఇస్రో ఈ ఊరిని ఎంచుకుంది. చంద్రయాన్-1 కోసం 2008లో ఇక్కడ నిలబెట్టిన 32 మీటర్ల భారీ యాంటెన్నా హైదరాబాద్ ఈసీఐఎల్ చేతి పని. రాగులు, పట్టు పండే నేల మీద అంత పెద్ద తెల్లటి గిన్నె ఆకాశానికి మొహం పెట్టి ఉండటం వింతగానే ఉంటుంది. అంతరిక్ష విజ్ఞాన డేటా కేంద్రమూ ఆ ప్రాంగణంలోనే ఉంది. ఆస్ట్రోశాట్ డేటా అక్కడ తొలి వడపోత అయ్యాక సొంతదార్ల ఇళ్లకు చేరుతుంది. లాక్స్‌పీసీ, ఎస్‌ఎక్స్‌టీలవి ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌కు, సీజడ్‌టీఐది పుణెలోని ఐయూకా ఖగోళ కేంద్రానికి, యూవీఐటీది బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థకు.

టాటా ఇన్‌స్టిట్యూట్ అన్నాను కాబట్టి ఒక పాత సంగతి చెప్పాలి. ఎక్స్ కిరణాలు వాతావరణాన్ని దాటి నేలకు చేరవు. ఉపగ్రహాలు మన చేతిలో లేని రోజుల్లో ఆ సంస్థ శాస్త్రవేత్తలు పెద్ద పెద్ద బెలూన్లకు డిటెక్టర్లు కట్టి హైదరాబాద్ నుంచి వదిలేవారు. 1960ల చివర్లోనే ఇది మొదలైంది. ఈసీఐఎల్ దగ్గరున్న బెలూన్ కేంద్రం అలాంటి ప్రయోగాల కోసం పుట్టిందే. కొన్ని గంటల గాలి ప్రయాణంలో దక్కిన కొద్దిపాటి డేటాతో కుస్తీ పట్టిన ఆ తరం శిష్యులే తర్వాత లాక్స్‌పీసీని కట్టారు. ఆస్ట్రోశాట్‌కు బీజం శ్రీహరికోటలోకంటే ముందు హైదరాబాద్ శివారులో పడిందంటే అతిశయోక్తి కాదనుకుంటాను.

పదేళ్లలో గాయాలూ తగిలాయి. 2018 మార్చి నెల ఆస్ట్రోశాట్‌కు అచ్చిరాలేదు. యూవీఐటీ మూడు ఛానెళ్లలో సమీప అతినీల లోహితానిది ఆ నెలలో మూగబోయింది. లాక్స్‌పీసీ మూడు పెట్టెల్లో ఒకటి వాయువు కారిపోయి మూతపడింది, మరొకటి లెక్క తప్పడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఎక్కువ భారం ఒక్క పెట్టె మీదే. హబుల్‌కు వ్యోమగాములు అయిదుసార్లు వెళ్లి మరమ్మతు చేశారు. ఇక్కడికి మెకానిక్ వెళ్లే దారి లేదు. ఉన్నదాన్ని ఎలా వాడుకోవాలో మళ్లీ క్యాలిబ్రేషన్ చేసుకుని బండి నడిపిస్తున్నారు.

ఆ నష్టం జరగకముందే తీసిన ఒక పరిశీలన మాత్రం చెప్పుకోదగ్గది. 2016 అక్టోబరులో యూవీఐటీ ఒకే చిన్న ఆకాశ భాగం వైపు 28 గంటలకు పైగా చూసింది. పాతిక నిమిషాల రాత్రులను డజన్ల కొద్దీ గుదిగుచ్చితే గానీ అన్ని గంటలు కావు. ఆ డేటాను విశ్లేషించడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి తీవ్ర అతినీల లోహిత కాంతి వస్తోందని పుణె ఐయూకాకు చెందిన కనక్ సాహా బృందం 2020లో ప్రకటించింది. పేరు ఏయూడీఎఫ్‌ఎస్01. హబుల్‌కు దొరకని ఆ మసక వెలుగు దానికంటే చాలా చిన్న దర్పణానికి దొరికింది, డిటెక్టర్‌లో సొంత రొద అంత తక్కువ మరి.

నాకు మాత్రం ఈ ఉపగ్రహంలో ఎక్కువ నచ్చేది సీజడ్‌టీఐ. దానికి ఎదురుగా ఉన్నదాన్ని చూడటం ఉద్యోగం, పక్కనుంచి వచ్చేదాన్ని పట్టుకోవడం అలవాటు. శక్తి 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన కిరణాలకు దాని గోడలు పెద్ద అడ్డు కావు, అందుచేత ఎటునుంచి గామా కిరణ విస్ఫోటం వచ్చినా తెలిసిపోతుంది. 2015 అక్టోబరు 6న స్విచ్ వేసిన మొదటి రోజే, తాను చూస్తున్న దిక్కుకు 60 డిగ్రీల పక్కనుంచి వచ్చిన విస్ఫోటాన్ని పట్టేసింది. 2023 నవంబరుకు ఆ లెక్క 600కు చేరింది.

2017 జనవరిలో గురుత్వ తరంగాల అలజడి ఒకటి నమోదైనప్పుడు అదే చోట మసకబారుతున్న ఒక వెలుగు కనబడి, రెండూ ఒకటేనేమోనన్న ఉత్సాహం రేగింది. సీజడ్‌టీఐ డేటా తవ్విన ఐఐటీ బొంబాయి వరుణ్ భలేరావు బృందానికి తరంగాలు వచ్చిన 21 గంటల తర్వాత వేరే గామా విస్ఫోటం దొరికింది. ఆ వెలుగు దీనిదే, తరంగాలతో దానికి సంబంధం లేదు.

అదే ఏడాది ఆగస్టు 17న అసలైనది వచ్చింది. రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న సంకేతం, వెంటనే గామా కిరణాల మెరుపు. ప్రపంచంలోని టెలిస్కోపులన్నీ ఆకాశంలో ఆ చోటు కోసం వెతుకులాటలో పడ్డాయి. ఆస్ట్రోశాట్ డేటాలో మాత్రం ఏమీ లేదు. కారణం, ఆ క్షణంలో దానికీ ఆ మెరుపుకీ మధ్య భూమి అడ్డుగా ఉంది. ఆ ఖాళీ కూడా సమాచారమే అయింది. ఆస్ట్రోశాట్‌కు అప్పుడు కనబడుతున్న ఆకాశంలో విస్ఫోటం జరిగి ఉంటే డేటాలో పడి ఉండేది, పడలేదు కాబట్టి అది భూమి దాచిన భాగంలోనే ఉండాలి. అలా వెతకాల్సిన మేర తగ్గింది. చిలీలోని ఒక టెలిస్కోపుకు ఆ వెలుగు చిక్కిన ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీ, 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, సరిగ్గా ఆ దాగిన వైపే ఉంది.